విరగని కేక

నగరం దాటి ఇరవై కిలోమీటర్లు పోతే రాతిగుట్టల నడుమ కేరింత పార్కు వస్తుంది. అందులో అన్నిటికంటే ఎత్తైనది పాతాళం. నూట ఇరవై అడుగుల ఇనుప స్తంభం, దాని చుట్టూ పన్నెండు కుర్చీలు. కుర్చీలు మెల్లగా పైకి పోతాయి. పైన కాసేపు ఆగుతాయి. తర్వాత వదిలేస్తారు. అంతే. అందులో వేరే ఆటేమీ లేదు, పడడమే ఆట.

దాన్ని నడిపేవాడు బాలనర్సు. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. రోజూ పొద్దున గేట్లు తీయకముందు నడిపేవాడే ఒకసారి ఎక్కి పడాలి. అది పార్కు కట్టుబాటు. జనం ఎక్కకముందు బండి మంచిగా ఉందో లేదో వాడి ఒంటి మీదే తేలాలి. బాలనర్సు అట్లా ఎన్ని వేలసార్లు పడ్డాడో. మొదటి వారం తప్ప నోరు తెరిచింది లేదు. మామూలుగా కూడా ఆయన నోరు తెరిచేది తక్కువే.

పని నేర్పిన మస్తాన్ ఉస్తాద్ పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "కిందికొచ్చినంక ఏడ్చేటోళ్ళ కాడికి ఉరుకకు. ఆళ్ళకేం గాదు. అరవనోని కాడికి ముందు పో. ఆడు సొమ్మసిల్లి ఉంటడు." బాలనర్సు ఆ మాట తప్పలేదు. తప్పింది ఒకే ఒక్క ఎండాకాలం. ఈ కథ ఆ ఎండాకాలానిది.

కేకల మీద ఆయనకు చెవి కుదిరింది. పన్నెండు మంది ఒక్కసారే అరిచినా ఏది ఎవరిదో తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం అందులో ఒక కేక నడుమ విరిగింది. పడేటప్పుడు వచ్చే కేక ఒకే తీగలాగా పోతుంది. ఇది సగంలో తెగి మళ్ళీ అతుక్కుంది. రెప్ప వేసినంతసేపు కూడా లేదు. బాలనర్సు కేబిన్‌లోంచి తల బయట పెట్టి చూశాడు. అరిచింది పాతికేళ్ళ పిల్లవాడు. నవ్వుకుంటూ దిగి పోయాడు. ఆ రోజు అట్లాంటివి మూడు విన్నాడు. మరుసటి ఆదివారం చాలా విన్నాడు.

ఇంటికి పోయి భార్యకు చెప్పాడు. దేవవ్వ ఊరి చివర బాలికల హాస్టల్లో వంట చేస్తుంది. ఉల్లిగడ్డలు కోసుకుంటూ విన్నది.

"కేకలు ఇరుగుతున్నయే."

"కేకలు ఇరుగుడేంది? అవేమన్న గాజులా?"

"ఇరుగుతున్నయ్."

"వారం దినాలకొక్కసారి నోరు దెరుస్తవు. దెరిస్తే గిట్లాంటి ముచ్చట. డాక్టరుకు సూపిచ్చుకో చెవులు."

మేనేజరుకు కూడా చెప్పాడు. మేనేజరు స్పీకర్లు మార్పించాడు.

అప్పటికి నగరంలో కొత్త జ్వరం మొదలైంది. గొంతుజ్వరం అన్నారు. ముందు జ్వరం, తర్వాత మాట పోవడం, చివరికి గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోవడం. జ్వరం తగిలేసరికే ఆ మనిషి వారం రోజులు ఊరంతా తిరిగి ఉంటున్నాడు. ఎవరికి అంటుకుందో ముందు తెలిసే దారి లేదు.

యూనివర్సిటీ నుంచి డాక్టర్ కౌముది అనే ఆమె పార్కుకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మనిషి గొంతు మీద పరిశోధన చేస్తుందట. పాతాళం ఎక్కిన వాళ్ళకు పడేటప్పటి వీడియో తీసి అమ్మడం పార్కులో అలవాటు. ఆ వీడియోలన్నీ కావాలంది. నడిపే మనిషిని కూడా చూడాలంది. మేనేజరు బాలనర్సును చూపిస్తూ, "ఈయన కేకలు విరుగుతున్నాయంటాడు మేడం" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమే బాలనర్సును కారులో ల్యాబుకు తీసుకుపోయింది.

గోడలకు మెత్తటి దూది అట్టలు కొట్టిన గది. చెవులకు పెట్టుకునే యంత్రం ఇచ్చారు.

"అరవై కేకలు వినిపిస్తాను బాలనర్సు గారూ. విరిగినట్టు అనిపిస్తే వేలెత్తండి. అంతే."

విన్నాడు. పదకొండుసార్లు వేలెత్తాడు. అద్దానికి అవతల కౌముది చేతిలో, తర్వాత జ్వరం తగిలినవాళ్ళ పేర్లు రాసిన కాగితం ఉంది. ఆమె దాన్ని చూసి, మళ్ళీ ఆయన్ను చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది. పదకొండు ఆ కాగితంలోనివే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పాతాళం ఎక్కిన రోజున ఆ పదకొండు మందిలో ఎవరికీ ఒళ్ళు కూడా వేడి లేదు.

"మాటలో ఇది తెలియదండీ" అంది. "మాట మనం అనుకుని అంటాం. గొంతు సర్దుకుంటుంది. కేక అనుకోకుండా వస్తుంది. ఈ వైరస్ ముందు పట్టేది గొంతు నరాన్ని. మీరు వినేది దాన్నే. ఇంకో సంగతి. అరవమంటే అరిచిన కేక పనికిరాదు. చూశాం. నిజంగా భయపడాలి."

బాలనర్సు యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

"పదకొండు మందీ బతికున్నరా మేడం?"

"ఎనిమిది మంది ఉన్నారు."

ఆయన లేచి తలుపు వైపు నడిచాడు.

శుక్రవారం పార్కు మూసేయమని ఉత్తర్వు వచ్చింది. జనానికి చెప్పే టైము లేకపోయింది. శనివారం పొద్దున్నే గేటు ముందు బండ్లు నిలబడ్డాయి. గేటు కాపలా మైబుది. అసలు పేరు మహబూబ్. నవ్వించే మనిషి. ఆ రోజు ఆయనక్కూడా నవ్వు రాలేదు.

సిద్దిపేట వైపు నుంచి ఒకాయన వ్యాను నిండా మనుషులను తెచ్చాడు. "మూడు నెలల సంది పోరగాండ్లను ఊరిస్తున్న. పులిహోర గట్టుకొచ్చినం. ఇప్పుడు మూసినమంటే యాడికి పోవాలె?"

"ఇంటికి పోయి తినుండ్రి అన్నా. మంచిగుంటది" అన్నాడు మైబు.

"బడులు మూస్తిరి, సినిమా హాళ్ళు మూస్తిరి, ఆఖరికి ఊయల గూడ మూస్తిరా?"

"నేను మూయలే. నేను తాళమేసిన."

ఒకావిడ గేటు సందులోంచి పాపను లోపలికి చూపిస్తూ, "సిమెంటు ఏనుగు కాడ ఒక్క ఫొటో దిగి వస్తం" అని గంటసేపు బతిమాలింది. ఏడాది పాసు ఉన్న కుర్రవాళ్ళు గేటు పట్టుకుని ఊపారు. వాళ్ళలో ఒకడు గోడ దూకి నీళ్ళు లేని జారుడుబండ మీద జారి వీడియో పెట్టాడు. లక్షల మంది చూసి చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి ఎందుకు మూశారని రాళ్ళు వేశారు. రెండు వారాలకు ఆ జారినవాడు గొంతుజ్వరంతో ఆస్పత్రిలో పోయాడు. ఆ రోజు మళ్ళీ అదే గేటు మీద రాళ్ళు పడ్డాయి. ఈసారి ముందే ఎందుకు మూయలేదని.

మే నెల మధ్యలో పార్కు తెరిచారు. ఆటకు కాదు.

కౌముది ల్యాబు వాళ్ళు ఒక పెట్టె చేశారు. పాతాళం స్తంభానికి బిగించారు. జనం దాన్ని చెవిపెట్టె అన్నారు. మనుషులను పైనుంచి వదిలినప్పుడు అది ఒక్కొక్కరి కేక వేరుగా వింటుంది. విరగకపోతే కుర్చీ మీద పచ్చ దీపం. పచ్చ చీటీ వస్తుంది, పనికి పోవచ్చు. విరిగితే ఎర్ర దీపం, ఎర్ర చీటీ. అట్లాంటి వాళ్ళను పార్కు వెనక రేకుల షెడ్లలో ఉంచుతారు. కేకే రాకపోతే తెల్ల దీపం. తెల్లది వస్తే మళ్ళీ పడేయాలి. రెండోసారీ తెల్లదే అయితే నడిపేవాడు తేల్చాలి. అందుకు కేబిన్‌లో రెండు మీటలు పెట్టారు, ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. "బాలనర్సు గారి చెవి నా పెట్టెకన్నా మంచిది, ఆయన తేల్చితే చాలు" అని కౌముది కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

జిల్లాలోని ఊళ్ళన్నీ వంతులవారీగా వచ్చాయి. తెరవమని గేటు ఊపినవాళ్ళే ఇప్పుడు లోపలికి రామని గేటు పట్టుకుని వేలాడారు. ఎక్కుతామని ఏడ్చిన పిల్లలు ఎక్కబోమని ఏడ్చారు. ఒక ముసలమ్మ బాలనర్సు రెండు చేతులూ పట్టుకుంది.

"నాయినా, నా వయసుకు నేల మీదనే కాళ్ళు నిలుస్తలేవు. నన్ను ఆడికెందుకు ఎక్కిస్తవు?"

"కండ్లు మూసుకో అవ్వా. మూడు లెక్కబెట్టే లోపల కిందుంటవు."

"నాకు లెక్కలు రావు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలమ్మ పడింది, గట్టిగా అరిచింది. పచ్చ వచ్చింది. దిగి బాలనర్సును బూతులు తిట్టి పోయింది. ఆయనకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

తెల్ల దీపం వచ్చేవాళ్ళూ ఉండేవారు. కుర్రవాళ్ళు ఎక్కువ. జనానికి వాళ్ళంటే ముచ్చట. లైనులో ఈలలు వేసేవారు. ఒక ఊరివాళ్ళయితే తెల్లదీపం వచ్చిన పిల్లవాడికి దండ వేసి ట్రాక్టరు మీద ఊరేగిస్తూ తీసుకుపోయారు. అరవకుండా పడాలని పందేలు కాసుకున్నారు. బాలనర్సు వాళ్ళ ముఖాలు చూసి పచ్చ మీట నొక్కేవాడు. ఆయనా అరవని మనిషే కదా. తనలాంటి వాళ్ళే అనుకున్నాడు. మొదట్లో కేబిన్ దిగి ఒక్కొక్కరి దగ్గరికి పోయి కండ్లు చూసి వచ్చేవాడు. లైను పెరిగిన కొద్దీ కేబిన్‌లోంచే చూశాడు.

జూన్ మొదట్లో పదో తరగతి పరీక్షలకని బాలికల హాస్టల్ తెరిచారు. వంటవాళ్ళకు పచ్చ చీటీ ఉండాలన్నారు. దేవవ్వ నీలం చీర కట్టుకుని అందరితో పాటు లైనులో నిలబడింది. తన వంతు వచ్చాక కుర్చీలో కూర్చుంది. బాలనర్సు ఆమె ఛాతీ మీదికి ఇనుప కమ్మి దించి బిగించాడు.

"జెర మెల్లగ ఇడువయ్యా."

"ఇడువనీకె మెల్లగుండదే."

"నీతోని కాపురం జేసిన దానికి ఇది గూడ ఎక్కాల్నా?"

పక్క కుర్చీ ఆయన నవ్వాడు. బాలనర్సు కేబిన్‌లోకి పోయి లివరు లాగాడు. కుర్చీలు పైకి పోయాయి, ఆగాయి, పడ్డాయి. పదకొండు కేకలు. ఒకటి లేదు. అది ఏదో ఆయనకు దీపం చూడకుండానే తెలిసింది.

తెల్లది. మళ్ళీ వదిలాడు. మళ్ళీ తెల్లదే.

దేవవ్వ కొంగు సర్దుకుంటూ కేబిన్ వైపు చూసి నవ్వింది. "నీ పాతాళం నీ లెక్కనే ముసల్దైంది. భయమే ఐతలేదు."

లైను లైనంతా గొల్లున నవ్వింది. ఎవరో ఈల వేశారు. "ఆపరేటరు పెండ్లామంటే గట్లుంటది మరి" అన్నారు. బాలనర్సుకు కూడా నవ్వు వచ్చింది. ఎన్నో రోజుల తర్వాత వచ్చిన నవ్వు. కేబిన్ దిగలేదు. పచ్చ మీట నొక్కాడు.

నాలుగో రోజు హాస్టల్లో సాంబారు కలుపుతూ దేవవ్వ ఎవరినో పిలవబోయింది. మాట రాలేదు. గరిటె చేతిలోంచి జారిపోయింది. పక్కనున్న వంటామె ఒళ్ళు పట్టుకుని చూస్తే కాలిపోతోంది. సాయంత్రానికి ఆమెను రేకుల షెడ్లకు తెచ్చారు. రెండు రోజులకు ఆమె వెనకే తొమ్మిది మంది ఆడపిల్లలను తెచ్చారు. పరీక్షలు రాయవలసిన పిల్లలు. వాళ్ళు వ్యాను దిగుతుంటే బాలనర్సు పాతాళం దగ్గర నిలబడి చూశాడు. ఒక పిల్ల చేతిలో ఇంకా పుస్తకం ఉంది.

ఆ మరునాడు కౌముది కేబిన్‌కు వచ్చింది. నిద్ర లేనట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తెల్ల దీపం వచ్చి, మీరు పచ్చ నొక్కిన వాళ్ళు ఎక్కడున్నారో వెతికించాను."

బాలనర్సు లివరు మీద చేయి తీశాడు.

"కొంతమంది బాగానే ఉన్నారు. ఎక్కువమంది బాగా లేరు. తప్పు నాదే బాలనర్సు గారూ. నేను సగమే తెలుసుకున్నాను. కేక విరగడం మొదలు మాత్రమే. రెండు మూడు రోజులు పోతే నరం పూర్తిగా పడిపోతుంది. అప్పుడు మాట వస్తుంది, నవ్వు వస్తుంది, కేక మాత్రం రాదు. భయం కూడా గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మనిషికి తనకు భయం వేయలేదనే అనిపిస్తుంది."

"ధైర్యం గాదా అది?"

"కాదు. జబ్బు ముదిరితే అట్లా ఉంటుంది. అందరికంటే ఎక్కువ అంటించేది వాళ్ళే. నా ల్యాబులో ఇద్దరికి తెల్లది వచ్చింది. నేనే చప్పట్లు కొట్టాను."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. బాలనర్సుకు వినిపించడం లేదు. పార్కు తెరిచిన కొత్తలో పనివాళ్ళ ఇంటివాళ్ళను ఒక రోజు పిలిచి అన్నీ ఎక్కించారు. ఆ రోజు దేవవ్వ పాతాళం ఎక్కింది. "నాయినో, నేను సస్తి" అని ఆమె పెట్టిన కేకకు పార్కులో తిరిగే జనమంతా ఆగి చూశారు. మక్కకంకులు కాల్చేవాడు ఏడాది పొడుగునా బజారులో ఆమె కనబడితే అట్లాగే అరిచి వెక్కిరించాడు. ఆ సిగ్గుకే ఆమె మళ్ళీ పార్కు గడప తొక్కలేదు. పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ కేక ఎట్లా ఉంటుందో ఆయన చెవికి ఇప్పటికీ తెలుసు.

"మేడం" అన్నాడు. "ఆమె అరుస్తది. మస్తు అరుస్తది. నాకెరికే."

కౌముది అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎరికుండి నొక్కిన" అన్నాడు.

కేబిన్‌లోంచి ఆ రెండు మీటలూ అదే రోజు పీకేశారు. ఇక తెల్లది వచ్చినా పెట్టె దానంతటదే ఎర్ర చీటీ ఇస్తుంది. ఎవరూ అడ్డం రావడానికి లేదు. ఒక మనిషికి వారానికి ఒక్కసారే పరీక్ష. పొద్దున నడిపేవాడు ఎక్కి పడే కట్టుబాటు కూడా తీసేశారు. ఇసుక బస్తాలు పెట్టి వదలమన్నారు. బాలనర్సు ఇక లివరు ముట్టనన్నాడు, వేరే మనిషి దొరికేదాకా దాని దగ్గర కౌముదే నిలబడింది.

షెడ్ల గేటు దగ్గర ఇప్పుడు మైబు కాపలా. బాలనర్సు పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎట్లుంది?"

"లోపలి నర్సును అడిగిన అన్నా." మైబు నేల చూశాడు. "మింగుడు బందైందంట. రెండు దినాలు, మూడు దినాలు అంటున్నరు. కాగితం మీద నీ పేరు రాసి సూపిస్తుందంట వదినె. వచ్చినోళ్ళకల్ల సూపిస్తుందంట."

"లోపలికి ఇడువు."

"ఎర్ర చీటీ లేకుంటే చీమను గూడ ఇడువద్దన్నరు. నిన్ననే ఒక తల్లిని ఆపిన. నిన్ను ఇడిస్తే ఆ తల్లికి ఏం జెప్పాలె?"

బాలనర్సు కదలలేదు. మైబు చాలాసేపు తాళంచెవి తిప్పుతూ ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అన్నా, నువ్వు అరవవు గద."

"ఆ?"

"పంతొమ్మిదేండ్ల సంది పడుతున్నవు. ఒక్కనాడన్న అరిచినవా? ఎక్కి పడు. తెల్లదొస్తది. ఎర్ర చీటీ అదే ఇస్తది. పట్టుకరా. నేను గేటు తీసి పట్టుకుంట."

బాలనర్సు అతని ముఖం చూశాడు. ఇంత దగ్గరి దారి తనకు తోచనే లేదు. వెనక్కి తిరిగి పాతాళం వైపు నడిచాడు. ఆయన అట్లా గబగబా నడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ. లైను లేదు. ఆయన పోయి మూడో కుర్చీలో కూర్చుని కమ్మి తనే దించుకున్నాడు. కౌముది కేబిన్‌లోంచి వచ్చింది. చూడగానే ఆమెకు అర్థమైంది.

"మీకు జబ్బు లేదు బాలనర్సు గారూ. లోపలికి పోతే వస్తుంది."

"ఎరికే."

"వారం ఆగితే వేరే దారి ఏదైనా..."

"ఆమె ఆగదు మేడం."

కౌముది కమ్మి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. అట్లా చూడడం ఆయన నేర్పిందే. కేబిన్‌లోకి పోయింది.

కుర్చీలు లేచాయి. పదకొండు ఖాళీ, ఒకదాంట్లో ఆయన. నీళ్ళు లేని అలల కొలను, జారుడుబండలు, సిమెంటు ఏనుగు వీపు. వేలసార్లు చూసినవే. ఏమీ అనిపించలేదు. ఊపిరి కూడా మారలేదు. పళ్ళు బిగించే అవసరం కూడా లేదనుకున్నాడు.

పైన ఆగింది. అక్కడి నుంచి షెడ్లు కనబడ్డాయి. ఇంతకుముందు పొద్దున ఎక్కినప్పుడు ఎండ కండ్లలో కొట్టి అటు చూసేవాడు కాదు. మూడో షెడ్డు ముందు నీడలోకి మంచాలు తెచ్చి వేశారు. ఒక మంచం మీద నీలం చీర. ఆ మనిషి పాతాళం వైపే తల తిప్పుకుని ఉంది. పైన కుర్చీలో ఎవరున్నారో అంత దూరం నుంచి తెలియదు. అయినా చేయి లేచింది. సగం దాకా లేచింది. అక్కడ ఆగలేక మంచం పక్కకు జారి వేలాడింది. మళ్ళీ లేవలేదు.

కౌముది వదిలేసింది.

కింద భోజనాలు చేస్తున్నవాళ్ళు ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తి చూశారు. ఆ కేక గుట్టలకు తగిలి వెనక్కి వచ్చింది. "దేవా" అని ఉంది అందులో. పంతొమ్మిదేళ్ళుగా ఎక్కడ దాచుకున్నాడో, ఆ పొడుగునా ఒకే తీగలాగా పోయింది. పడుతూ పడుతూనే బాలనర్సు దాన్ని విన్నాడు. ఎవరి కేకనైనా వినే చెవితోనే విన్నాడు. మొదలు నుంచి చివరి దాకా విన్నాడు. ఎక్కడా విరగలేదు.

కుర్చీ కిందికి వచ్చి ఆగింది. ఆయన తల ఎత్తి దీపం చూడలేదు. చీటీ మాత్రం పక్కనున్న సందులోంచి మెల్లగా బయటికి వచ్చింది. పచ్చది.

షెడ్ల దగ్గర మైబు ఆ కేక విన్నాడు. తీసి పట్టుకున్న గేటును మెల్లగా మూశాడు.